కేరవాన్ నాలుక మీద పన్నెండు కొబ్బరికాయలు

నా పదవీ విరమణకు సరిగ్గా పది నెలల ముందు, ఒక శ్రావణమాసంలో, నన్ను అమలాపురంలోని మా పర్యాటక శాఖ వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా వేశారు. ముప్పైనాలుగేళ్ళు బండ్ల కరెంటు పని చేసినవాణ్ణి. అక్కడ పని తేలికేనన్నారు. మూడు జీపులు, ఒక వ్యాను, ఒక కేరవాన్.

కేరవాన్ అంటే చక్రాల మీద గది. మాది ఇంజను లేని రకం, జీపు వెనక తగిలించి లాగాలి. పర్యాటకులు అందులో పడుకుని, ఐనవిల్లి వినాయకుణ్ణి దర్శించుకుని, ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తింటారని పైవాళ్ళ ఊహ. నేను చేరేసరికే దానికి మూడు ప్రారంభోత్సవాలు జరిగాయి: అమలాపురంలో ఒకటి, రాజోలులో ఒకటి, కొత్తపేటలో ఒకటి. పర్యాటకుడు మాత్రం ఒక్కడూ ఎక్కలేదు.

జీపు నుంచి కేరవాన్‌కు ఒక లావాటి కేబుల్ వెళుతుంది. లోపల ఏడు రంగుల తీగలు, చివర ఏడు పిన్నుల ప్లగ్గు. జీపులో బ్రేకు నొక్కితే కేరవాన్ వెనక ఎర్రలైటు వెలగాలి. ఆ పని ఎర్ర తీగది. తెల్లది ఎర్త్. కేరవాన్ ముందు జీపుకు తగిలించే ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని మేము నాలుక అనేవాళ్ళం. కేబుల్‌ను ఆ నాలుక పైనే క్లిప్పులతో బిగించి పంపించింది కంపెనీ. పాపం, వాళ్ళకు కోనసీమ సంగతి తెలియదు.

ఇక్కడ బండి కదలాలంటే కొబ్బరికాయ కొట్టాలి. జీపుకైతే ముందు చక్రం పక్కన రాయి పెట్టి కొడతారు. కేరవాన్‌కు ముఖం ఏదో పంతులుగారికే అర్థం కాలేదు. చివరకు ముందుకు పొడుచుకొచ్చిన నాలుకే ముఖమని తేల్చారు. గట్టి ఇనుము, మోకాలెత్తు, నేలదాకా వంగనక్కర్లేదు. అధికారులకు భలే నచ్చింది. ఎవరి తర్వాత ఎవరు కొట్టాలన్న దానిమీద మొదట్లో గొడవలొచ్చాయట. అందుకని డిప్యూటీ డైరెక్టరుగారు హోదాల వరుసలో ఒక జాబితా టైపు చేయించి సంతకం పెట్టారు. మొదటి పేరు ఆయనది. పన్నెండోది, ఆఖరిది, వర్క్‌షాపు ఫోర్‌మన్. అంటే నేను.

నేను చేరిన కొన్ని నెలల్లోనే మరో మూడు ప్రారంభోత్సవాలు జరిగాయి. మొదటి రెండింటి తర్వాతా కేబుల్ నా బల్ల మీదకు వచ్చింది. టెస్టు లాంపు పెట్టి తెగిన చోటు పట్టుకోవడం పది నిమిషాల పని. టంకం వేసి, పైన రబ్బరు గొట్టం తొడిగి, ప్లగ్గు పిన్నుల చిలుం గీకి పంపేవాణ్ణి. నిజానికి బండి కదిలినప్పుడల్లా ఊగే కేబుల్‌కు అతుకు పనికిరాదు, మొత్తం మార్చాలి. కొత్తది కావాలని ఇండెంటు పెడితే పాతది ఎందుకు పాడైందని అడుగుతారు. ప్రతి మరమ్మతుకూ రాసే జాబ్‌కార్డులో చివరి గడి "కారణం". రెండుసార్లూ "రాపిడి" అని రాశాను. నేనూ కాయ కొట్టినవాణ్ణే కదా!

మూడోసారి కాయలు కొట్టగానే కేరవాన్ రాజోలు రోడ్డు ఎక్కింది. ఒక మలుపులో డ్రైవరు ఏసురత్నం బ్రేకు వేశాడు. వెనక ఎర్రలైటు వెలగలేదు. చేపల వ్యాను వచ్చి గుద్దింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు, కేరవాన్ వెనక భాగం మాత్రం నుజ్జయింది. మర్నాడే ఏసురత్నానికి మెమో: నిర్లక్ష్యం వల్ల ప్రభుత్వ ఆస్తికి నష్టం, వారంలో సంజాయిషీ. అతను పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాడు. నెలాఖరుకు కాంట్రాక్టు పొడిగించాలి. మెమో ఉంటే పొడిగించరు.

మెమో పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"పొద్దున్నే లైట్లన్నీ చూసుకున్నానండీ ఫోర్‌మన్‌గారూ, వెలిగేయండీ. కాయలు కొట్టేక మళ్ళీ చూత్తానంటే ముహూర్తం దాటిపోతందన్నారండీ. మా చిన్నదానికి నర్సింగు ఇంకో ఏడాదుందండీ."

నాకు సిగ్గేసింది. ఏసురత్నం చర్చికి వెళ్ళే మనిషి. కాయ కొట్టడు, చేతులు కట్టుకుని పక్కన నిలబడతాడు. అందరూ కొట్టి వెళ్ళాక ముక్కలేరి నాలుక తుడిచేది అతనే. ఆఫీసు మొత్తంలో ఆ కేబుల్‌ను కొట్టనివాడు అతనొక్కడే, మెమో వచ్చిందీ అతనికే.

కేబుల్ విప్పాను. పైతొడుగు చితికిపోయింది, ఎర్ర తీగ లోపల తెగింది, ప్లగ్గులో కొబ్బరినీళ్ళు. చితికిన చోట పీచు ఇరుక్కుని ఉంది. ఈసారి కారణం గడి సరిపోక వేరే కాగితం తీశాను. "గుండ్రని గట్టి వస్తువుతో పైనుంచి పదేపదే కొట్టుట వలన తీగ తెగినది. సదరు వస్తువును కొట్టినవారి పేర్లు జతపరచిన జాబితాలో హోదాల వరుసన కలవు. పన్నెండవ వ్యక్తి ఈ నివేదిక రాసినవాడు. గత రెండు కార్డులలో రాపిడి అని రాసినది తప్పు." నా పెన్షను కాగితాలు అప్పటికి డిప్యూటీ డైరెక్టరుగారి బల్ల మీదే ఉన్నాయి.

డిప్యూటీ డైరెక్టరుగారు రెండుసార్లు చదివారు. తలుపు వేయమన్నారు.

"ఏవండీ, ఇది పైకెళ్ళే కాగితమండీ. ఎలుక కొరికిందని రాసేత్తే ఎవరికీ ఇబ్బంది లేదు కదండీ?"

"ఎలుక కొరికితే పళ్ళ గాట్లుంటాయండీ. దీనికి పీచుందండీ," అని కేబుల్ ఆయన ముందు పెట్టాను.

ఆయన పీచు వంక చూశారు, జాబితాలో మొదటి పేరు వంక చూశారు. సాయంత్రానికి మెమో రద్దయింది. నెలాఖరుకు కాంట్రాక్టూ పొడిగించారు. నా నివేదిక మాత్రం ఫైల్లోంచి మాయమైంది, బహుశా దాన్నే ఎలుక కొరికి ఉంటుంది. దాని స్థానంలో మా ఆఫీసు సూపరింటెండెంటుగారు స్వయంగా "ఎలుకల బెడద" అని రాశారు. ఆ రాత పుణ్యమా అని కొత్త కేబుల్ మంజూరైంది, దాంతోపాటు ఒక ఎలుకల బోను కూడా. ఏసురత్నం అందులో రోజూ కొబ్బరిముక్క పెట్టేవాడు. నేను వచ్చేసేదాకా ఒక్క ఎలుకా పడలేదు.

నుజ్జయిన వెనక భాగం బాగుచేయించి, కొత్త కేబుల్‌ను నాలుక కింద ఇనుప గొట్టంలోంచి లాగాను. మలుపులో లాగకుండా, నేలకు తగలకుండా కొంచెం వదులు ఉంచాను. పైన మందపాటి పలక వెల్డింగు చేయించాను, ఎంతమంది కావాలంటే అంతమంది కొట్టుకోవచ్చు. ఏడో ప్రారంభోత్సవంలో పదకొండు కాయలయ్యాక నా చేతికి పన్నెండోది ఇచ్చారు. దాన్ని పక్కన పెట్టి కేరవాన్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఏసురత్నాన్ని బ్రేకు నొక్కమన్నాను. ముహూర్తం దాటిపోతోందని ఎవరో అన్నారు. ఎర్రలైటు వెలిగింది, అప్పుడు వెళ్ళమన్నాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది: జాబ్‌కార్డులో కారణం గడిని నిజంతో నింపకపోతే, అందులో అందరికన్నా కిందివాడి పేరు చేరుతుంది. రెండుసార్లు ఆ గడిని అలా వదిలిపెట్టింది నేనే.