బోర్లించిన గంప

పెద్దమ్మ పోయిందని మొన్న బేస్తవారం పొద్దున, కోర్టుకు బయలుదేరబోతుంటే తెలిసింది. కండువా చేతిలోనే ఉండిపోయింది. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలు రాస్తూ కూడా మూడుసార్లు లేచాను.

ఆమె మా పక్కింటి సాయిబుల ముసలమ్మ, మంత్రసాని. రక్తసంబంధం లేకపోయినా నాకు పెద్దమ్మే. నరసరావుపేటలో మా ఇద్దరు పిల్లలతో సహా ఎంతమంది ఆమె చేతుల్లో భూమ్మీద పడ్డారో! నేను కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాను. యుద్ధం రోజుల్లో బజార్లో ఏదీ సరిగ్గా దొరక్కపోతే, వీధి చివర ఖాళీ స్థలంలో కూరగాయలు వేసుకుంటామని ఇద్దరం వెళ్ళి ఆ స్థలం గల కలప షావుకారును అడిగాం. ఆయన ఒకటే మాట అన్నాడు. "పచ్చగా ఉన్నన్నాళ్ళు మీది. ఎండబెట్టారా, నా కలప దించుకుంటా."

పచ్చగా ఉంచడమంటే మాటలా! బావిలోంచి ప్రతి చేదా తోడి పొయ్యాలి. నాకు పదింటికి కోర్టు గంట. ఆమెకు ఏ క్షణాన ఎవరి నొప్పులో. పిలుపు రాగానే ఎక్కడిది అక్కడ ఆపి, ఇక తడపాల్సిన మొక్క పక్కన గంప బోర్లించి వెళ్ళేది. తర్వాత ఎవరొస్తే వాళ్ళు అక్కణ్ణించి మొదలుపెట్టాలి. "గంప యాడుంటే పని ఆడుంది. ఎతుక్కునే పన్లేదు" అనేది.

నాకా పద్ధతి గిట్టేది కాదు. సగం వదిలి వెళితే కలం కదలదు నాకు. ఒక వారం నా వంతంతా ఆదివారానికి అట్టిపెట్టి, అన్నీ ఒక్కపూటే తడిపేసి, సోమవారం చేతులు వణికి నకలంతా ఖరాబు చేశాను. ఆమె పడీపడీ నవ్వింది. "మొక్క నిన్ను ఆదివారం దాకా వాయిదా అడిగిందంట్రా? నీ కోర్టు బుద్ధి మళ్ళలో పెట్టమాక."

ఇంకోసారి వంకాయలు కోసి, ఆ గంపలోనే ఇంటికి మోసుకుపోయాను. తిరిగి తెచ్చి ఎక్కడో బోర్లించాను. ఆమె సత్తెనపల్లి దగ్గర కాన్పు చేసి రెండు రోజులకు వచ్చి, గంప ఉన్న చోటినుంచే నీళ్ళు పోసింది. తడిసిందనుకుని వదిలేసిన వెనక రెండు సాళ్ళ మిరపనారు మాడిపోయింది. "ఏందిరా నువ్వు! అంత చదువుకున్నోడివి, గంప చదవటం రాదా?" అని వీధంతా వినబడేలా తిట్టింది. సాయంత్రం మా ఆవిడ చేతికి గోంగూర కట్ట ఇచ్చి, "వాడు అన్నం తిన్నాడా?" అని అడిగిందట.

పోయిన వారం ఎండలో పక్క ఊరికి కాన్పుకు వెళ్ళొచ్చి జ్వరంతో పడింది. ఆదివారం నన్ను పిలిపించింది.

"పొట్లపాదులు చానా ఎండినయ్యి, అబ్బాయ్. కాసిని నీళ్ళు పొయ్యరా."

"రేపు పోస్తా పెద్దమ్మా" అన్నాను. సోమవారమూ అదే అన్నాను, మంగళవారమూ అదే. కోర్టులో నకళ్ళు గుట్టలుగా ఉన్న మాట నిజమే. అయినా సాకు సాకే. బుధవారం నేను కోర్టులో ఉండగా ఆమే లేచి వెళ్ళిందట. మర్నాడు తెల్లారేసరికి లేదు. ఆ జ్వరానికి ఎలాగూ నిలిచే మనిషి కాదని హకీము అన్నాడు. నాకు ఆ మాట ఊరట కాలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మట్టి ఇచ్చి నేరుగా మళ్ళ దగ్గరికి వెళ్ళాను. షావుకారు మనిషి అప్పటికే వచ్చి నిలబడ్డాడు.

"ఇంకెవరు చేస్తారయ్యా? కలప దించమంటారా?"

"పచ్చగానే ఉందిగా. పోవయ్యా!" అని కసిరాను.

పన్నెండు పాదుల్లో మూడు తడిసి ఉన్నాయి. నాలుగోదాని పక్కన గంప బోర్లించి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఆ రోజు నాకు చెయ్యి రాలేదు.

నిన్న పొద్దున గంప తీసి పక్కన పెట్టి, నాలుగో పాదు నుంచి మొదలుపెట్టాను. ఏడోది తడిపేసరికి కోర్టు గంట కొట్టింది. మిగిలినవి కూడా పోసేద్దామని ప్రాణం కొట్టుకుంది. ఆగాను. ఎనిమిదో పాదు పక్కన గంప బోర్లించి, వెనక్కి చూసుకుంటూ కోర్టుకు వెళ్ళాను.