బండ మీద ఎండ నడిచిన పొద్దు

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఇళ్లకన్నా బండలే ఎక్కువ. మా వాకిటి ఎదురుగా రెండు నిలువుల ఎత్తున ఒక పెద్ద గుండు ఉండేది. దాని నీడలోనే మా ఆటలన్నీ. నాకు తొమ్మిదేళ్లప్పుడు, అక్కడ ఇల్లు కట్టడానికి ఆ గుండును మందు పెట్టి పేల్చేస్తారని తెలిసింది.

పక్కింటి మామ స్టూడియోలో కెమెరాలు బాగుచేసేవారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మితభాషి. గుండు పోయేలోగా దాని మీద పొద్దుటి ఎండ ఎలా పాకుతుందో తీయాలని ఆయన కోరిక. అదీ కెమెరాను ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా జరుపుతూ. అందుకు రెండు పరదా కడ్డీలను పట్టాలుగా పరిచి, పాత టేప్ రికార్డర్ మోటారుతో చిన్న బండి చేశారు. మోటారు వేగం తగ్గాలంటే పళ్ల చక్రాలు కావాలి. అవి నా ఆటపెట్టెలో ఉన్నాయి. పెట్టె తెచ్చి ఆయన ముందు బోర్లించాను.

తీరా చూస్తే చక్రం రంధ్రం పెద్దది, మోటారు ఇరుసు సన్నం. ఆత్రం పట్టలేక మధ్యలో కాగితం చుట్టి కుక్కాను. చక్రం ఒరిగి, బండి కుంటింది. మామ కోప్పడలేదు. విరిగిన రేడియో ఏరియల్ తీసి, దాని గొట్టాలను ఒక్కొక్కటిగా ఇరుసుకు తొడిగి చూశారు. మూడోది ఇటు ఇరుసుకూ అటు చక్రానికీ అతికినట్టు సరిపోయింది. గోరంత ముక్క కోసి బిగించారు.

మర్నాడు తెల్లవారుతూనే పని మొదలైంది. నేను పది లెక్కపెట్టినప్పుడల్లా ఆయన బండి మీది సినిమా కెమెరాతో ఒక్క బొమ్మ తీసేవారు. మా అమ్మ ముగ్గు వేస్తూ నవ్వింది. "ఏందన్నా, గా బండను తీస్తున్నవా? రేపు పలగ్గొడ్తరు గద!"

"అందుకేనమ్మా," అన్నారాయన.

కాసేపటికి నాకు ఏడుపొచ్చింది. "మామా, బండి కదుల్తలేదు."

ఆయన బండి ముందు ఒక అగ్గిపుల్లను నిలబెట్టి, "నువ్వు లెక్క ఆపకు," అన్నారు. కళ్లార్పకుండా చూశాను. కదలిక కనబడలేదు. కానీ పుల్ల ఒరిగింది. తర్వాత పడిపోయింది. నేను గొంతు పెంచి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాను.

గుండును పేల్చేశారు. కొన్నాళ్లకు ఫిల్ము కడిగి వచ్చింది. మామ వాళ్లింట్లో తలుపులు మూసి, ప్రొజెక్టరుతో తెల్లగోడ మీద వేశారు. రెండున్నర గంటల పాటు తీసిన పొద్దు నిమిషంలోపే అయిపోయింది. ఎండ బండ నెత్తి మీంచి పాలలా జారింది. నీడలు పగుళ్లలోకి పాకి దాక్కున్నాయి. గుండు నిద్రలేచి, మెల్లగా మా వైపు తిరుగుతున్నట్టు అనిపించింది. బయట అప్పటికి కంకర కుప్పే మిగిలింది. మా అమ్మ రెండు చేతులూ జోడించింది. "మల్లొక్కసారి ఎయ్యన్నా," అంది.

నాకిప్పుడు మనవలున్నారు. చిన్నవాడికి మాటలు ఆలస్యమయ్యాయి. ఇంట్లో అందరూ కంగారుపడుతుంటే, నేను రోజూ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పాను. కదలిక కంటికి కనబడనంత మాత్రాన ఆగిపోయినట్టు కాదని నాకు తొమ్మిదేళ్లకే తెలుసు.