గేటు పుస్తకంలో ఒక ఖాళీ వరుస

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఏడిపించడం నాకు సరదాగా ఉండేది. మలయాలో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటులో నేను కెరాణీని, అంటే గుమాస్తాని. కమ్యూనిస్టులను అణచడానికి తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు. ఎవరొచ్చినా, ఎవరు వెళ్ళినా పేరూ వేళా నా పుస్తకంలో ఎక్కాలి. అందులో లేని మనిషి నా దృష్టిలో లేనట్టే.

అడవిలోని కమ్యూనిస్టులకు తిండి చేరకూడదని, పాలు నిలవ ఉండకుండా కొన్న ప్రతి పాలడబ్బాకూ అప్పటికప్పుడే బొక్క పొడవాలని ఆర్డరు. మా ఎస్టేటులో ఆ పనీ నాదే. ఎవరు బతిమాలినా వినేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లోనే మా తొలి బిడ్డను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. మూడో రోజున మిస్సీ, అంటే నర్సు, ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనూ చూస్తుందని చెప్పి పంపారు. తీరా మూడో రోజుకి రోడ్డు మూసేశారు. పురుడు చూడాల్సిన మా అత్తగారికి బాగన్ దాతుక్ నుంచి రావడానికి పాసు దొరకలేదు. నా భార్య పైడమ్మకు పాలు పడలేదు. ఒక డబ్బా కొని, నా చేత్తోనే బొక్క పొడిచి, ఆ పాలే నీళ్ళలో కలిపి పట్టాం.

ఐదో రోజుకి బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు వాడికి. మధ్యాహ్నం పుస్తకం గేటు కాపలాదారు సింహాచలానికి అప్పగించి ఇంటికి పరిగెత్తాను.

గుమ్మంలో తెల్లచీర కట్టిన పెద్దావిడ, మా వాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకుని కూర్చుంది. మిస్సీ వచ్చిందని ప్రాణం లేచొచ్చింది. ఆవిడ డబ్బా వాసన చూసింది.

"దీనికి బొక్కెట్టి ఎన్నాళ్ళయినాది, బాబూ?"

"మూడు దినాలండి."

"పారబొయ్యి. ఇరిగిపోనాది. గంటగంటకీ తల్లి రొమ్మే అందించండి. పాలు అవే పడతాయి."

పెరట్లో పారబోసి వచ్చేసరికి బిడ్డ పైడమ్మ ఒడిలో ఉన్నాడు. ఆవిడ లేదు. ఇప్పుడే వెళ్ళినాదని పైడమ్మ అంది. నేను గేటు దాకా పరిగెత్తాను.

"ఎవులూ రానేదు, ఎవులూ ఎల్నేదు, కెరాణీ గారూ. మీరెల్లినాక గేటే తియ్యనేదు," అన్నాడు సింహాచలం. పొద్దుటినుంచి అప్పటిదాకా ఆ గేటు దగ్గర ఉన్నది నేనే.

మర్నాడు రోడ్డు తెరిచాక మిస్సీ వచ్చింది. తమిళావిడ, తెలుగు ముక్క రాదు. డబ్బా పాలు ఇంకొక్క పూట పట్టి ఉంటే బిడ్డ దక్కేవాడు కాదంది. ఎవరు ఆపమన్నారని అడిగింది. తను తప్ప ఈ పక్కకు వచ్చే నర్సు ఎవరూ లేరట.

ఆ సాయంత్రం ముందురోజు పేజీ తీశాను. పేరు, ఊరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ. ఒక్క గడిలోనూ ఏం రాయాలో తెలియలేదు. అబద్ధం రాయలేను, ఆవిడ రాలేదని ఊరుకోనూ లేను. చివర ఒక వరుస ఖాళీగా వదిలేశాను.

అప్పటినుంచి డబ్బాకి బొక్క పొడిచే ముందు ఇంట్లో పసివాళ్ళున్నారా అని అడిగేవాణ్ణి. ఉంటే, ఈ పూటే వాడి పారబోయమని చెప్పేవాణ్ణి.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. తర్వాత కంచే తీసేశారు. ఆ పుస్తకం ఏమైందో తెలియదు. మా వాడు ఇప్పుడు తన కొడుకును ఎత్తుకుని, ఆవిడ ఎవరు నాన్నా అని అడుగుతాడు. ఆ వరుసలో రాయడానికి నా దగ్గర ఈనాటికీ ఏమీ లేదు.