పరుపుల దుకాణం వైపు కట్టిన హారన్

సహోదరులారా, పోయిన ఏడాది ఇదే మైదుకూరు కూడికలో, ఇదే మైకులో నేను నా సాక్ష్యం చెప్పాను, మీరు స్తోత్రం అన్నారు, కొందరు ఏడ్చారు కూడా. ఆ సాక్ష్యంలో ఒక అబద్ధం ఉంది. దాన్ని సరిచేయడానికే నిలబడ్డాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, తడబడితే ఓర్చుకోండి.

ఇరవై ఏళ్ళ కిందట కడపలో నేను, ఓబులేసు, ఖాజా ముగ్గురం కలిసి ర్యాప్ పాడేవాళ్ళం. రాగం ఉండదు, తాళానికి సరిగ్గా మాటలు గబగబా విసరడమే. మా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. ఖాజావాళ్ళ నాన్నది పరుపుల దుకాణం, శుక్రవారం మూసి ఉండేది, నమాజు నుంచి రాగానే ఖాజా మమ్మల్ని లోపలికి పిలిచేవాడు, దూది మూటల మధ్య కూర్చుంటే వీధిలో ఆటోల మోత లోపలికి రాదు, మా అరుపులు బయటికి పోవు, అదే మా స్టూడియో! ఓబులేసు కంప్యూటర్‌లో తాళం కట్టేవాడు, మాటలన్నీ ఖాజా రాసేవాడు, పాడేది నేను. ఎండిన బోర్ల గురించి, నాపరాళ్ళ గనుల్లో పనిచేసి దగ్గే తండ్రుల గురించి రాసేవాడు. మా సీడీలు చేతులు మారి కర్నూలు హాస్టళ్ళ దాకా పోయాయి. నన్ను చూడనివాళ్ళకు కూడా నా గొంతు తెలుసు. ఆ గర్వమో మరేమిటో, తాగడం మొదలుపెట్టాను.

గండికోటలో మాకు మొదటిసారి పెద్ద వేదిక దొరికింది. నేను తాగి ఎక్కాను, రెండో పాటలో మాటలు మరిచిపోయాను, జనం నవ్వితే మైకు విసిరికొట్టాను. ఖాజా నన్ను భుజాన వేసుకుని బస్సెక్కించాడు. ఆ రోజుతో మా గుంపు చెదిరిపోయింది.

ఆ తర్వాత పదేళ్ళు తాగాను, కామెర్లు ముదిరి ఆసుపత్రిలో పడ్డాను. నా భార్య మార్తమ్మ మంచం పక్కన మోకరించి, "ప్రభువా, ఈ మనిషిని ఏం చేసుకుంటావో చేసుకో, నాకైతే ఇంక చేతకాదు నాయనా" అని ప్రార్థించింది. అంతే! ఆ మరుసటి రోజు నుంచి నాకు మందు వాసనే పడలేదు. ఎట్లా జరిగిందో ఇప్పటికీ తెలియదు. దేవునికే మహిమ! అది మాత్రం అబద్ధం కాదు.

అబద్ధం తర్వాత చేరింది. మొదట మా సంఘంలో "చెడు స్నేహాలు" అన్నాను, గట్టిగా స్తోత్రం అన్నారు. బద్వేలులో "ఒక స్నేహితుడు తాగించాడు" అన్నాను, ఇంకా గట్టిగా అన్నారు. ఏ మాటకు జనం లేస్తారో ఆ మాటను పెంచడం వేదిక మీద నాకు అలవాటైన పనే కదా! మైదుకూరుకు వచ్చేసరికి "పరుపుల దుకాణంలో ఖాజా నాకు పోశాడు" అనేశాను. ఖాజా ఒక్క చుక్క ముట్టినవాడు కాదు, సహోదరులారా! అతను కడప నుంచి వచ్చి ఇప్పుడు ఈ వీధి చివరే పరుపుల దుకాణం నడుపుతున్నాడని నాకు తెలియదు. గడపలో కూర్చున్న వాళ్ళమ్మ మనం స్తంభానికి కట్టిన హారన్ మైకులో అంతా విని, "నిజమేనా బేటా, దుకాణంలో తాగుతాంటిరా?" అని కొడుకును అడిగిందట.

సంగతి తెలిసి ఆ దుకాణానికి పరుగెత్తాను. ఖాజా దూది ఏకుతూ తలెత్తలేదు.

"ఏమప్పా రత్నం, నేను రాసిచ్చిన మాటలు గండికోటలో మరిసిపోతివి. నీ సొంత మాటలు మాత్రం శానా బాగా పాడినావే!"

"తప్పైపోయింది ఖాజా, క్షమించప్పా."

"నా చెవిలో చెప్తే మా యమ్మకు ఎట్లా ఇనపడతాది? యాడ చెప్పినావో ఆడ్నే చెప్పు, పో."

ఇప్పుడు నాకు అంతా తికమకగా ఉంది. ఆ పాటలే పాపమని ఇన్నాళ్ళూ చెప్పాను. కానీ గనుల్లో దగ్గే తండ్రుల కోసం ఏడ్చినవాడు ఖాజా, ఆ మాటలతో పేరు తెచ్చుకుని తాగినవాణ్ణి నేను. నా అబద్ధపు సాక్ష్యం విని కూడా ఇద్దరు తాగుడు మానారట. దేవుడు దాన్నెట్లా వాడుకున్నాడో నా బుద్ధికి అందదు. అయినా నా కాలేయాన్ని బాగుచేసినవాడు నా నాలుకను కూడా బాగుచేయగలడని నమ్మి వచ్చాను. మీలో ఎవరైనా ఇలాంటి మాటను మోస్తుంటే ఆయన మీద భారం వేసి రండి, అంతా అర్థమయ్యేదాకా ఆగకండి!

ఈ రోజు ఒక హారన్‌ను పరుపుల దుకాణం వైపు తిప్పి కట్టమని నేనే అడిగాను. అమ్మా, మీ కొడుకు తాగలేదు. తాగింది నేను. మీ కొడుకు నన్ను మోశాడు.