నీళ్ల మీద దించలేని విమానం

ఎల్డన్ కంగాస్ అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన ముప్పై ఏళ్లు సరస్సుల మీద విమానం నడిపాడు. చేపల వేటకొచ్చేవాళ్లనూ, ఒకసారి పురిటినొప్పులు పడుతున్న మనిషినీ క్షేమంగా దించాడు. డెబ్బై దాటాక సొంతంగా ఒకటి కొనాలనే కోరిక పట్టుకుంది. ఇద్దరు పట్టేది, నేల మీదా నీళ్ల మీదా దిగేది, ఎవరో వాడిందైనా చాలు.

అలాంటిది మారిట్ టోలెఫ్సన్ దగ్గరుందని తెలిసి వెళ్లాడు. భర్త పోయినప్పటినుంచీ ఆమెకు విమానం ఉంచిన షెడ్డు తలుపు తీయాలంటేనే మనసొప్పడం లేదు.

ఎల్డన్ మోకాళ్ల మీద వంగి, పడవలాంటి అడుగుభాగమంతా వేళ్లతో తడిమాడు. ఒకచోట అతుకు తగిలింది.

“రాయి కొట్టుకుంది. మా ఆయనే అతికాడు. దాచిపెట్టి అమ్మను,” అంది మారిట్.

“ఇది గట్టిగానే ఉందమ్మాయ్. అతుకు పడాల్సింది నా మోకాళ్లకి.”

ఆమె నవ్వింది. “ఎగిరి చూడండి మరి. నేనూ వస్తా.”

ఊరి రన్‌వే మీంచి లేచారు. నీళ్ల మీద దిగాలంటే ముందు చక్రాలు పైకి మడవాలి. అవి కిందుంటే విమానం ముక్కు మీద బోర్లాపడి మునుగుతుంది. ఎల్డన్ ఈ మాట ఎంతమందికి నేర్పాడో లెక్కే లేదు.

సరస్సు బూడిదరంగులో నిశ్చలంగా ఉంది. నీళ్లు ఇంకో ఇరవై అడుగులున్నాయనగా మారిట్ కేక పెట్టింది.

“చక్రాలు! చక్రాలు కిందే ఉన్నాయి!”

అతను విమానాన్ని పైకి లాగాడు. సరస్సు మీద ఒక చుట్టు తిప్పాడు.

“మడిచాననే అనుకున్నా,” అన్నాడు చివరికి.

“ఇవాళ నీళ్లొద్దులెండి. రన్‌వే మీదే దిగుదాం.”

దిగాక ఆమె మెల్లిగా అంది: “ఎవరికైనా జరిగేదే కదా.”

“నాకెప్పుడూ జరగలేదు. మొన్న పొయ్యి ఆర్పకుండా వెళ్లిపోయా. అంతకుముందు మా వీధే పోల్చుకోలేకపోయా. నువ్వు పక్కన లేకపోతే…” అని ఆగిపోయాడు. విమానం తాళంచెవి ఆమె చేతిలో పెట్టి కారెక్కాడు.

ఇంట్లో భార్య లోయిస్ చేపల సూప్ వడ్డించింది. “కొన్నావా? లేక బేరం దగ్గర గొడవపడి వచ్చావా?”

“ఇంజన్ బాగోలేదు.”

“పోనీలే. పీడా పోయింది.”

రెండు చెంచాలు తాగి గిన్నె పక్కకు జరిపాడు.

“ఇంజన్ కాదు లోయిస్. నేనే బాగోలేను.”

ఆమె ఆశ్చర్యపోలేదు. అందుకే అతనికి ఇంకా ఎక్కువ భయం వేసింది. సోమవారం ఆసుపత్రికి ఆమే కారు నడిపింది. దారిపొడవునా అతను కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చున్నాడు.