బియ్యం వద్దన్న మండీవారబ్బాయి

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మనిషికి ఒక జబ్బు చేస్తుంది. తనకు నిన్న తెలిసిన సంగతి లోకానికి ఇవాళ్టికల్లా తెలిసిపోవాలనే జబ్బు. దానికి మందు లేదు, వయసు మీరడమే విరుగుడు. పుదుచ్చేరి ముదలియార్‌పేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో నేను చేరిన కాలానికి నాకది బాగా ముదిరి ఉండేది. పరగడుపున వచ్చినవాళ్ల చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి, నెత్తురు తీయడం నా పని. వీధిలో అందరూ నన్ను 'ఊసి' అని పిలిచేవారు (తమిళంలో సూది అని అర్థం, అప్పట్లో మనిషిని కూడా సూదిలాగే ఉండేవాణ్ణి గనక పేరు రెండు విధాలా అతికింది). నేనెవరి గుమ్మంలో నిలబడినా పెద్దవాళ్లు కూర్చోమనడానికి ముందు చొక్కా చేయి పైకి మడిచేవాళ్లు. ఎవరి రక్తం ఎంత తియ్యనో నాకు తెలుసు. చెప్పకూడదు గనక చెప్పేవాణ్ణి కాదు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు మొహం మాత్రం పెట్టేవాణ్ణి. మొహం పెట్టకూడదని రూలేమీ లేదు కదా.

రిపోర్టులు చూసీ చూసీ, ల్యాబు డాక్టరమ్మ చెప్పగా వినీ వినీ, రోగాలకు సగం తలుపులు తెరిచేది నాలుకేనని నాకు గట్టి నమ్మకం కుదిరింది. మా ఇంట్లో కీరై అనే ఆకుకూరలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాలు, కాయలు, పండ్లు: ఇవి తింటే చాలు, ల్యాబు మూసుకోవచ్చు అని బోధించడం మొదలుపెట్టాను (ల్యాబు మూస్తే నా జీతమెవరిస్తారన్న ఆలోచన రాలేదు, ప్రవక్తలకు రాదు). చిక్కేమిటంటే మాది బియ్యం మండీ. తరాల కిందట తెలుగు సీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం తమిళం, మిగతా సగం తమిళానికి చుట్టం. కానీ బియ్యం విషయంలో కల్తీ లేదు. మల్లెపూవులాంటి అన్నం మూడు పూటలా మా నాయన విస్తట్లో ఉండాల్సిందే.

ఆ నాయన షుగరు ఆ ఏడు గీత మీదికి వచ్చి నిలబడింది. దీపావళి దాకా తిండి మార్చి, బాగా నడిచి చూడండి, తగ్గకపోతే మాత్రలు మొదలుపెడదాం అన్నారు డాక్టరు. ఇదే జబ్బుతో మా తాతకు కాలు తీసేశారు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు, నాయన అసలే ఎత్తడు. రిపోర్టు తెచ్చిన సాయంత్రం మాత్రం గడప మీద కూర్చుని తన పాదాల వంక చాలాసేపు చూసుకున్నాడు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే బోధన ఇంట్లోనే ఆరంభించాను.

"చెట్టూ చేమా నుంచి వచ్చింది తిను నాయనా, చాలు."

"చక్కెర యాడనుంచి వచ్చిందిరా?"

"చెరుకులోనుంచి."

"చెరుకేంది, మేకనా?" అన్నాడు నాయన నిదానంగా. "ఆలుగడ్డ వేపుడు, అప్పళం, ఉద్దివడ, ఇవన్నీ చెట్టూ చేమే గదరా. మీ ల్యాబులో చెప్పలేదా?"

"అట్ల కాదు నాయనా. పొట్టు తీయని ధాన్యం, కీరై, పప్పు..."

"బియ్యం అమ్మి నిన్ను చదివిస్తిని. ఇప్పుడు బియ్యం తినొద్దంటావు. రేపు ఊపిరి పీల్చొద్దంటావు. పో, పోయి గుచ్చేవాళ్లను గుచ్చు."

ఇంతలో పెరటాసి నెల వచ్చింది. తమిళులు పురట్టాసి అనే ఆ నెలంతా మా ఇళ్లల్లో మాంసం, చేప ముట్టరు. మా వంటింటి వరకు కాలాపేట రేవు చేపలకు సెలవు. వినేవాళ్లు ఆహా, ఎంత ఆరోగ్యకరమైన నెల అనుకోవచ్చు. మాంసం మానిన పాపానికి నూనెతో పరిహారం చేసుకునే నెల అది. వడలు, అప్పళాలు, చక్కెర పొంగలి, ఆలుగడ్డ వేపుడు. చేప మానేసిన నాయన చేపకన్నా బాగా నూనెలో ఈదేవాడు. ఆ నెల శనివారాల్లో పెరుమాళ్లకు, అంటే వెంకటేశ్వరస్వామికి, తళిగ (ఆకు నిండా నైవేద్యం) వేస్తాం. ఇంట్లో ఒకరు నామం పెట్టుకుని, నామం దిద్దిన చెంబు పట్టుకుని, 'గోవిందా' అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడిగి తెస్తారు. ఎంత ఉన్నవాళ్లయినా అడిగే తేవాలి. ఆ బియ్యం వండి స్వామికి పెట్టి అందరూ తింటారు. చెంబులో పడింది స్వామి సొత్తు. పారెయ్యకూడదు, అమ్మకూడదు, పశువుకు వెయ్యకూడదు, ఇంట్లోవాళ్లే తిని ఖాళీ చెయ్యాలి. ఈ విషయంలో నాయన చాలా నిష్ఠాపరుడు. చెంబు పట్టే వంతు ఆ ఏడు నాది. నాయన నా మాట వినడు, పెరుమాళ్ల మాట వింటాడు. ఆ సంగతి తట్టిన క్షణంలో నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి శనివారం పొద్దున్నే మూల ఇంటి అత్త గుమ్మంలో నిలబడి గోవిందా అన్నాను. అత్త అలవాటుగా రవిక చేయి మడవబోయి, చెంబు చూసి ఆగింది.

"అత్తా, ఈసారి బియ్యం వొద్దు. సామలో, రాగులో, కొర్రలో, ఉలవలో ఏముంటే అది పొయ్యండి."

"మండీ ఇంటోడివి బియ్యం వొద్దంటా ఉండావా? ఏంది కథ?" అంటూ లోపలికి పోయి, ఒక పొట్లంతో తిరిగి వచ్చింది. "పోయినేడు రిపోర్టు ఇస్తా ఒక మొహం పెడితివే, ఆ భయంలో కొన్న సామలు ఇవి. ఒక్కనాడు వండితే మీ మామ సన్యాసం పోతానన్నాడు. తీసుకో నాయనా, నీకు పుణ్యముంటాది."

అప్పుడు గానీ నాకు తెలియలేదు, వీధిలో ప్రతి ఇంట్లోనూ భయపడి కొన్న పొట్లం ఒకటి ఉందని. రిపోర్టు చూసిన రోజున కొని, మర్నాటికి భయం తగ్గి, అటక మీదికి పంపినవి. ఒకరు రాగులు పోశారు. ఒకరు కొర్రలు. "ఉలవలు, బాగా కడుక్కోండి" అంటూ ఒకరు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఎదురింటి మామ ఓట్సు తెచ్చి గోవిందనామంతో సహా కుమ్మరించాడు. నా చేతిలో ఇంతకాలం నెత్తురు పోగొట్టుకున్నవాళ్లంతా ఆ పొద్దు తృప్తిగా పగ తీర్చుకున్నారు. చెంబు నిండింది, భుజం మీది తుండు నిండింది, చివరికి ఎవరో సంచి కూడా దానం చేశారు. విజయోత్సాహంతో ఇంటికొచ్చి అమ్మ ముందు పెట్టాను.

అమ్మ సంచిలోకి చూసింది. నన్ను చూసింది. చెయ్యి పెట్టి కలియబెట్టి మళ్లీ నన్ను చూసింది.

"వేరేవేరేగా ఏల తేలేదురా?"

ఏటా పడేది ఒక్క బియ్యమే గనక ఒక్క చెంబు సరిపోయేది. అదే చెంబులో అన్నీ పోయించుకుంటే ఏమవుతుందో పరీక్షల్లో అంత మంచి మార్కులు తెచ్చుకున్న నాకు తోచలేదు.

"సామలు ఉడికే లోపల ఉలవలు రాళ్ల మాదిరి ఉంటాయి. ఉలవలు ఉడికేదాకా ఉంచితే సామలు గంజి అయిపోతాయి. రాగులు దేనికీ ఒప్పుకోవు. యాడ మొదలుపెట్టేది నేను?" అంది అమ్మ. చాటలో పోసి ఏరబోతుంటే నాయన వచ్చాడు.

"ఏరొద్దు. స్వామి కలిపినాడు."

"కలిపింది మీ కొడుకు."

"చెంబు ఎవురిది?" అన్నాడు నాయన. అమ్మ ఏరడం మాని చాట ఎత్తింది. ఆ కలగాపులగం అట్లాగే కుక్కర్లోకి పోయింది.

మధ్యాహ్నం స్వామికి నైవేద్యమయ్యాక విస్తట్లో పడ్డ పదార్థానికి ఈనాటికీ పేరు లేదు. నాయన కళ్లకద్దుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. అమ్మ చారు తేవడానికి వంటింట్లోకి వెళ్లి వచ్చింది, ఇంకా నములుతున్నాడు. ఆ ముద్ద దిగాక, "పెరుమాళ్లకు నా పళ్ల మీద ఎంత నమ్మకమో" అన్నాడు. రెండోసారి వడ్డించుకోవడానికి దవడలు సహకరించలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాయన మారు అడగకుండా లేచింది ఆ రోజే.

మర్నాడు అమ్మ వండగా మిగిలిన గింజలన్నీ పిండి మిల్లుకు పట్టుకుపోయింది. మిల్లతను "కోళ్లకా అమ్మా?" అని అడిగాడట. "కాదు, మా ఇంటాయనకు" అని చెప్పిందట. రవ్వ పట్టించి, ఆ రవ్వ ఉప్మాలో మునగాకు చేర్చింది, పిండి అట్లలో కందిపప్పు కలిపింది, గంజిలో మజ్జిగ పోసింది. పక్కన అరటిదూట కూర, పప్పు వేసిన కీరై కూటు. రెండోవారానికి రుచి కూడా పట్టుబడింది. "స్వామి సొత్తు ముగిసేదాకా వేరే ధాన్యం పొయ్యెక్కదు" అని తీర్పు చెప్పింది. ఆ సొత్తు ముగిస్తేగా! మా ఇంట్లో ఇవి తీసుకుంటారని పేరు పడ్డాక జనం శనివారం దాకా ఆగకుండా వాళ్లే తెచ్చి పోసి దండం పెట్టి పోయేవాళ్లు. నాయన తట్టుకోలేక ఒకనాడు మురుంగపాక్కంలో ఉన్న మా మేనత్త ఇంటికి వడల కోసం బయలుదేరాడు. బస్సెక్కితే తెలిసినవాళ్లు చూస్తారని నడిచే వెళ్లాడు. మేనత్త వడలు పెట్టింది. వచ్చేటప్పుడు, "మీ ఇంట్లో చెంబులో పొయ్యన్నా" అని సంచెడు ఉలవలు భుజానికెత్తింది. వాటిని మోసుకుంటూ నడిచే వచ్చాడు. డాక్టరు చెప్పిన నడక ఆయన అంత చక్కగా చేసింది అదే మొదలు. ఆ తర్వాత ఎందుకో అది అలవాటైపోయింది. చల్లపూట మండీ మూసి నడవడానికి పోయేవాడు. వడల కోసం మాత్రం కాదు, ఉలవల భయం.

దీపావళి వెళ్లింది. నాయన పరగడుపున ల్యాబుకు వచ్చి నా ఎదురుగా కూర్చుని చేయి చాపాడు. వీధి మొత్తాన్నీ గుచ్చిన నేను నాయన చేతికి పట్టీ రెండుసార్లు విప్పి కట్టాను.

"ఏందిరా, నరం దొరకలేదా? కొర్రలు అడ్డమొచ్చినాయా?" అన్నాడు గోడ వైపు చూస్తూ. గోడ మీద ఏమీ లేదు.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. గీతకు కిందికి, భద్రంగా కిందికి దిగింది. పట్టుకుని మండీకి పరుగెత్తాను. దారిలో ఒక ఉపన్యాసం తయారైంది: ఆహారమే ఔషధమని, సైన్సు గెలిచిందని, ఇకమీదట నా మాట వినాలని. నాయన కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. వెనకగదిలోకి వెళ్లి బస్తా మీద కూర్చుని కళ్లద్దాలు తీశాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"నీ వయసులో ఉండగా మా నాయన కాలు పుండు కడిగేది నా పని" అన్నాడు. "పొద్దున ఒకమారు, మాపు ఒకమారు. ఆ పని నీకు పెట్టకూడదని ఉండె." అద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. "పోరా. బయట గిరాకీ నిలబడుండారు."

నా ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. నాయన ఈనాటికీ మాత్ర వేసుకోకుండానే మండీలో కూర్చుంటున్నాడు. మధ్యాహ్నం అన్నం ఒక పిడికెడు, దాని చుట్టూ కూరలు ఒక తోటంత. ఘనతంతా పెరుమాళ్లదీ అమ్మదీ అంటాడు, కాదనడానికి నా దగ్గర ఆధారాలు లేవు. ల్యాబులో ఇప్పుడు నేను పెద్దవాణ్ణి. ఎవరేం తినాలో ఆచితూచి, నొప్పించకుండా చెబుతాను, వాళ్లూ అంతే మర్యాదగా తలూపి పోతారు. ఒక్కోసారి ఆ సన్నటి కుర్రాడు గుర్తొస్తాడు. వీధికి వీధినే నెల తిరక్కుండా మార్చేద్దామని నామం పెట్టుకుని బయలుదేరి, ఒకే ఒక్క మనిషిని, అదీ పొరపాటున, మార్చగలిగినవాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత మంచి పొరపాటు చేసే ధైర్యం ఇప్పుడు నాకు లేదు.