కోతల పిల్ల పుట్టినరోజు

నా చిన్నప్పుడు పుట్టినరోజనేది షావుకార్ల పిల్లలకి ఉండేదే గానీ, మా కూలోళ్ళ వీధిలో ఒక్కళ్ళకీ ఉండేది కాదు. మేం పుట్టలేదని కాదు, ఎప్పుడు పుట్టామో ఎవరూ రాసుకోలేదంతే. బళ్ళో చేర్చుకునేటప్పుడు మాస్టారు మా అందరికీ ఒకే తారీఖు వేసేశారు. ఆ రికార్డు ప్రకారం మా వీధి పిల్లలం పదకొండు మందిమీ ఒకే రోజు భూమ్మీద పడ్డాం. ఇప్పటికీ నా ఆధార్ కార్డులో ఆ తారీఖే ఉంది. ఏటా ఆ రోజు నా మనవలు ఫోన్లో కేకు బొమ్మలు పంపిస్తారు. పంపించుకోనీ, పిల్లలు కదా. నా అసలు పుట్టినరోజు వేరే ఉంది. దాన్ని మా నాయనమ్మ కొట్లాడి తెచ్చిపెట్టింది.

మాది నూజివీడు దగ్గర పల్లె. ఎటు చూసినా మామిడి తోటలే. మా నాన్న చివర వల చిక్కం కట్టిన పొడుగాటి కర్రతో కాయ దింపేవాడు. అమ్మా నాయనమ్మా కింద ఆ కాయల తొడిమలు తుంచి, సొన కారనిచ్చి, గంపల్లో పేర్చేవాళ్ళు. ఆడకూలీల ముఠాకి మా నాయనమ్మే పెద్ద. కాయకి తొడిమ పక్కన భుజాలు లేచాయా లేదా అని ఒక్క చూపు చూసి, ఈ చెట్టు రేపు, ఆ చెట్టు నాలుగు రోజులాగి అని చెప్పేసేది. ఆ మాటకి తిరుగుండేది కాదు. తోటలు గుత్తకి తీసుకునే షావుకారు గారు కూడా ఆవిడ ఊఁ అంటే గానీ కోత పెట్టేవారు కాదు. ఆయనకి ఎంత ఆస్తి ఉన్నా కాయ చూడటం రాదు మరి.

ఆ షావుకారు గారి అమ్మాయీ నేనూ మూడో తరగతి ఒకే బళ్ళో చదివేవాళ్ళం. ఒంటిపూట బళ్ళు పెట్టిన రోజుల్లో ఆ పిల్ల పుట్టినరోజొచ్చింది. క్లాసులో ఉన్నవాళ్ళందర్నీ సాయంత్రం ఇంటికి రమ్మంది. మా అమ్మ నాకు కుంకుడుకాయలతో తలంటి, రెండు జడలేసి, కనకాంబరాలు పెట్టి పంపించింది. వాళ్ళ వరండాలో చాప మీద వరసగా కూర్చోబెట్టి తలో లడ్డూ, గుప్పెడు కారప్పూస పెట్టారు. అంత తియ్యటి లడ్డూ నేనప్పటిదాకా తినలేదు, అబద్ధమెందుకు ఆడాలి.

తింటుండగా ఆ పిల్ల వాళ్ళమ్మగారు ముచ్చటపడి ఒక్కొక్కళ్ళనీ నీ పుట్టినరోజెప్పుడే అని అడుగుతూ వచ్చారు. ఒకళ్ళు సంక్రాంతి నెలలో అన్నారు, ఒకళ్ళు తారీఖుతో సహా చెప్పారు. నా వంతొచ్చింది. మా నాయనమ్మ ఎప్పుడూ అనే మాటే నేనూ అన్నాను.

"నేను కోతల్లో పుట్టానండి."

పడక్కుర్చీలో కూర్చున్న షావుకారు గారు పకపకా నవ్వారు. "కోతల్లో పుట్టిందంట! అందుకే కోతలు కోస్తోంది!" అన్నారు. అంతే, వరండా అంతా ఒకటే నవ్వులు. నాకేమో ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. పక్కనున్న పిల్ల నా చెవిలో, కోతలు కొయ్యడమంటే లేని గొప్పలు చెప్పుకోవడం అని చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఉన్నమాట చెప్పినదాన్ని గొప్పలకి పోయినదాన్నయిపోయాను. చేతిలో సగం లడ్డూ అలాగే పట్టుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాటి నుంచీ బళ్ళో నా పేరు పోయి కోతల పిల్ల అనే పేరొచ్చింది. మూడ్రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు పలకా సంచీ పట్టుకుని బయల్దేరి, గడ్డివాము చాటున దాక్కున్నాను. మా నాయనమ్మ గొడ్డుకి గడ్డి లాగడానికొచ్చి పట్టేసుకుంది. ఏంటే ఇక్కడున్నావంటే ఏడుస్తూ అంతా చెప్పాను. చెప్పి, చివర్న, "నువ్వే అబద్ధం చెప్పావు. నాకు పుట్టినరోజు లేదు" అన్నాను.

మా నాయనమ్మ నోటికి ఊళ్ళో అందరికీ భయమే. ఏదైనా అంటే పదింతలు తిరిగి అనేది. అలాంటిది ఆ మాటకి మాత్రం చేతిలో గడ్డి కింద పడేసింది. తర్వాత నా పక్కన కూలబడి, అంతకుముందెప్పుడూ చెప్పనంత వివరంగా చెప్పింది. విస్సన్నపేట దారిలో ఉన్న తోటలో పెద్దరసం మామిడి చెట్టొకటి ఉంది. నేను పుట్టిన ఏడు ఆ చెట్టు కోతకొచ్చిన రోజు, మిట్టమధ్యాహ్నం, గంప ఎత్తబోతూ మా అమ్మకి నొప్పులొచ్చాయట. బండి కట్టే వ్యవధి కూడా లేదు. ముఠాలో ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టుకున్నారట. మా నాయనమ్మే నన్ను చేతుల్లోకి తీసుకుందట. నేను ఏడవకపోతే వీపు మీద రెండు తగిలించిందట.

"కోతలు కోస్తామే. కొయ్యమా మరి? మనం కోతలు కొయ్యకపోతే ఆ ఇంట్లో లడ్డూలెక్కడివి?" అంది. అని లేచి, చీర దులుపుకుని, "ఈ ఏడు నీ పుట్టినరోజు చేస్తున్నాను. ఎవడు నవ్వుతాడో చూస్తాను" అని వెళ్ళిపోయింది.

ఏదో కోపంలో అందనుకున్నాను. మా నాయనమ్మ సంగతి తెలిసీ అలా అనుకోవడం నా తెలివితక్కువ. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

బళ్ళకి సెలవులిచ్చాక నేనూ అమ్మ వెంట తోటకి వెళ్తున్నాను. ఒక సాయంత్రం షావుకారు గారు వచ్చి, పెద్దరసాలు ఎప్పుడు కొయ్యచ్చని అడిగారు. మా నాయనమ్మ చెట్టు కింద నిలబడి కాయ వైపు చూసి, రేపటికి తయారండి అంది. ఆయన సరేనని కదలబోతుంటే, "కానీ రేపు కొయ్యం. రేపు నా మనవరాలి పుట్టినరోజు. ముఠాలో ఎవరూ పనికి రారు. కోత ఎల్లుండి పెట్టుకుందాం" అంది.

ఆయన ముందు నవ్వారు. తర్వాత ఈవిడ నవ్వడం లేదని గమనించి మొహం మాడ్చుకున్నారు. లారీకి చెప్పేశానన్నారు. ఎల్లుండికి చెప్పండి అంది. కూలోళ్ళకి పుట్టినరోజులేంటి, అసలు దీని తేదీ తెలుసా మీకు అన్నారు.

"చెట్టు తెలుసు. పూట తెలుసు. ఆ రోజు ఎండ ఎంత మండిపోయిందో కూడా తెలుసు. తేదీయే కావాలంటే మీరే రాసుకోండి బాబూ, మాకు రాత రాదు" అంది మా నాయనమ్మ.

ఆయనకి ఒళ్ళు మండింది. మైలవరం నుంచి వేరే ముఠాని దింపుతాను, ఈ సీజనంతా మీరు ఇంట్లోనే కూర్చోండి అని జీపెక్కేశారు. మా అమ్మ పరిగెత్తుకొచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "అత్తా, ఊరుకో. దాని ఒక్కదాని కోసం ఇన్ని కొంపలు ముంచుతావా?" అని బతిమాలింది. ఆ మాట నిజమే కూడా. కోతల రెండు నెలలే మాకు కడుపునిండా తిండి.  నాయనమ్మ కొంగు పట్టుకుని నాకు పుట్టినరోజు వద్దు, ఏం వద్దు అన్నాను.

"నీకు వద్దేమోనే. నాక్కావాలి" అంది.

ముఠా ఆడవాళ్ళు ఆవిడ వైపే నిలబడ్డారు. ఒకావిడ మాత్రం, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అని సణిగింది. సణిగినావిడే తెల్లారేసరికి అందరికంటే ముందు బెల్లం దిమ్మ పట్టుకొచ్చింది.

పొద్దున్నే నాకు నలుగుపెట్టి నీళ్ళు పోశారు. కొత్త బట్టలెక్కడివి, మా అమ్మ పెళ్ళిచీర అంచు కత్తిరించి రాత్రికి రాత్రే పరికిణీ కుట్టింది. ఎడ్లబండిలో మా వీధి పిల్లలందర్నీ ఎక్కించారు. పని లేకుండా బండెక్కి తోటకి వెళ్ళడం మాలో ఎవరికీ అదే మొదలు. దారి పొడుగునా అరుపులే. ఆ చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి పరమాన్నం వండారు. నన్ను గోనెపట్టా మీద కూర్చోబెట్టి మా నాయనమ్మ బొట్టు పెట్టి హారతిచ్చింది. పిల్లలందరూ నన్నే చూస్తుంటే సిగ్గుతో తల వంచేసుకున్నాను. ఆవిడ గడ్డం పట్టుకుని నా తల పైకెత్తింది.

అక్కడితో ఆపలేదు. మిగిలిన పిల్లల తల్లుల్ని కూడా కదిలించింది. వీడెప్పుడు పుట్టాడే అని ఒకామెని అడిగితే నాట్లు వేసేటప్పుడంది. ఇంకొకామె, గాలివానకి పిందె మొత్తం రాలిపోయిందే ఆ మర్నాడంది. ఒకామెకి గుర్తురాక ఆలోచిస్తుంటే నలుగురూ కలిసి, నీ పెద్దోడికి అమ్మవారు పోసినప్పుడు కదే అని గుర్తుచేశారు. చూస్తుండగానే పదకొండు మందికీ పదకొండు పుట్టినరోజులు దొరికాయి. మాస్టారి రికార్డు అక్కడే చెల్లకుండా పోయింది.

విస్తళ్ళు వేస్తుండగా జీపొచ్చింది. మైలవరం ముఠా దొరకలేదని తర్వాత తెలిసింది, వాళ్ళ తోటల్లోనూ కోతలు మొదలయ్యాయట. షావుకారు గారు దిగీ దిగగానే, పనికి రానోళ్ళు తోటలోకెందుకొచ్చారని గద్దించారు. మా అమ్మ లేచి నిలబడింది. నాయనమ్మ లేవలేదు.

"ఇవాళ కూలికి రాలేదండి, చుట్టపుచూపుగా వచ్చాం. కూర్చోండి, పరమాన్నం తిందురుగాని" అంది.

ఆయన కూర్చోలేదు. ఇంతలో జీపు వెనకనుంచి వాళ్ళమ్మాయి దిగి నా ముందుకొచ్చి నిలబడింది. ఇదేనా నువ్వు పుట్టిన చెట్టు అని అడిగింది. వెక్కిరించడానికి అడిగిందో, తెలుసుకోవడానికే అడిగిందో నాకిప్పటికీ తెలియదు. నేను లేచాను.  గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది.

"అవును. నేను కోతల్లోనే పుట్టాను. నేను కోతల పిల్లనే" అన్నాను, షావుకారు గారి మొహంలోకి చూస్తూ.

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల చెట్టుని కిందనుంచి పైదాకా చూసి, నేను ఆసుపత్రిలో పుట్టానంట, అది ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు అని, నా పక్కన గోనెపట్టా మీద కూర్చుంది. నాయనమ్మ ఆ పిల్లకీ విస్తరేసింది. ఆయన అమ్మాయ్ జీపెక్కు అన్నారు. ఆ పిల్ల పరమాన్నం అయ్యేదాకా ఎక్కలేదు. ఆయన తప్పు ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోమని అడగలేదు. మర్నాడు తెల్లారగానే వెళ్ళి ఆ చెట్టుకి ఒక్క కాయ మిగల్చకుండా కోశాం.

ఊరికే పోయిందనుకోకండి. మరుసటేడు ఆయన ఆ తోటలో మాకు పనివ్వలేదు, వేరే ముఠాని పెట్టుకున్నారు. మేం బాపులపాడు వైపు పోయి, అలవాటు లేని చోట చాకిరీ చేశాం. మా అమ్మ ఆ ఏడంతా నాయనమ్మని సాధించింది. అయినా ఆ పెద్దరసం కోతకొచ్చిన రోజు మా నాయనమ్మ పిల్లల్ని బండెక్కించింది. తోటలోకి రానివ్వకపోతే గట్టుకి ఇవతల కూర్చుని, చెట్టు కనబడేలా తిరిగి పరమాన్నం తిన్నాం.

ఆ మొదటి ఏడు బండిలో ఇంటికొచ్చేటప్పుడు నేనొక మాటడిగాను. అందరివీ చెప్పావు కదా, మరి నీ పుట్టినరోజెప్పుడు నాయనమ్మా అన్నాను. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. తర్వాత, "నేను పుట్టినప్పుడు చూసినోళ్ళు ఒక్కరూ మిగల్లేదే" అంది. ఎండాకాలమో వానాకాలమో కూడా తెలియదంది. పదకొండు మందికి పుట్టినరోజులు పంచిపెట్టిన మనిషికి తనకంటూ ఒకటి లేదు. నాకు దుఃఖం ఆగలేదు. అయితే ఇవాళే నీదీ, సగం తీసుకో అన్నాను. మా నాయనమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

ఇప్పుడు నాకు అప్పటి మా నాయనమ్మ కంటే ఎక్కువ వయసొచ్చింది. ఆవిడ తర్వాత ముప్ఫయ్యేళ్ళు ముఠాకి నేనే పెద్దగా ఉన్నాను. ఎంతమంది షావుకార్లు మారినా, ఎన్ని లారీలు ఆగినా, పెద్దరసాలు కోతకొచ్చిన రోజు నేను కోతకి వెళ్ళలేదు, నా ముఠాని వెళ్ళనివ్వలేదు. ఎందుకమ్మా అని అడిగితే పుట్టినరోజండి అనేదాన్ని. ఎవరిదని అడిగితే నాదని ఏనాడూ చెప్పలేదు. మా నాయనమ్మదండి, ఆవిడ ఈ రోజే పుట్టింది, నాకు బాగా తెలుసు అని చెప్పేదాన్ని.